డి డ్రైవులో దాచిన మాటలు



“మాస్టారూ, ప్రోగ్రాములన్నీ డి లో వేశాను. రేపు విండోస్ పాడైనా మీకేం భయం లేదు.” 2003లో శ్రీకాకుళంలోని మా ఇంట్లో కంప్యూటరు బిగించిన కుర్రవాడు ఇచ్చిన అభయమిది. అప్పటికి నేను బడిలో తెలుగు పండితుణ్ణి. సి ఏమిటో, డి ఏమిటో తెలియదు. ఏ, బీ లు లేకుండా సి తో మొదలయ్యే ఈ వర్ణక్రమం ఏమిటన్న సందేహం మాత్రం కలిగింది. దానికి సమాధానం దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా నష్టమూ జరిగింది.

డ్రైవులకు అక్షరాలు పెట్టే పద్ధతిని చిన్న కంప్యూటర్లలో వ్యాప్తికి తెచ్చినది 1970లలో గ్యారీ కిల్డాల్ రచించిన సీపీ/ఎం వ్యవస్థ. డాస్ దానినే అనుసరించింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఫ్లాపీలు పెట్టే అరలు రెండింటికి ఏ, బీ అని పేర్లు. 1983లో పీసీ ఎక్స్‌టీ నమూనా 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో వచ్చినప్పుడు దానికి మిగిలిన అక్షరం సి. ఫ్లాపీలు కాలగర్భంలో కలిసిపోయినా వాటికి కేటాయించిన అక్షరాలు ఖాళీగానే ఉండిపోయాయి. మన ‘ఌ’ వంటివే అవి. వాడుక పోయినా వరుసలో చోటు పోలేదు.

ఇక డి పుట్టుక. అది భద్రత కోసం పుట్టినది కాదు, ఇరుకువల్ల పుట్టినది. నాటి డాస్ ఒక విభాగంలో 32 మెగాబైట్లకు మించి చూడలేకపోయేది. అంతకంటె పెద్ద డిస్కు కొన్నవారు దానిని సి, డి, ఈ అని ముక్కలు చేసుకోవలసి వచ్చింది. అందుకు వీలు కల్పించింది 1987 నాటి డాస్ 3.3. తరువాత ఆ హద్దు 2 గిగాబైట్లకు పెరిగింది. 1996లో ఫ్యాట్32 వచ్చాక ఆ ఇరుకూ తీరింది. అవసరం తీరినా అలవాటు మిగిలింది. విండోస్ తరచు పాడవుతూండడంతో, “వ్యవస్థ ఒకచోట, తక్కినవి మరొకచోట” అన్న కొత్త ప్రయోజనం ఆ పాత అలవాటుకు అమరింది.

కుర్రవాడి అభయం డాస్ కాలంలోనైతే చాలావరకు నిజమే. అప్పటి ప్రోగ్రాములు చాలామట్టుకు ఒక్క సంచిలో సర్దుకొనేవి. ఆ సంచిని ఏ డ్రైవులో పెట్టినా పని జరిగేది. 1995లో విండోస్ 95 వచ్చాక సంగతి మారింది. చాలా ప్రోగ్రాములు తమ ఊరూ పేరూ రిజిస్ట్రీ అన్న ఒక పెద్ద చిట్టాలో నమోదు చేయించుకోవాలి. వాటికి కావలసిన సహాయక ఫైళ్ళు కొన్ని విండోస్ సంచిలోనే ఉంటాయి. ఫాంట్లు అక్కడే. అంటే ఇల్లు డి లో కట్టినా, దస్తావేజులు సి లోనే ఉన్నాయన్నమాట.

ఆ విషయం నాకు 2005 వానాకాలంలో తెలిసింది. కరెంటు వస్తూ పోతూ ఉన్న ఒక రాత్రి తరువాత విండోస్ తెరుచుకోలేదు. దుకాణంవారు సి ని తుడిచి మళ్ళీ వేశారు. డి లో తెలుగు టైపు ప్రోగ్రాము సంచి చెక్కుచెదరలేదు. కాని నొక్కితే పలుకదు. కొత్త చిట్టాలో దాని పేరు లేదు మరి!

ప్రోగ్రాము పోతే మళ్ళీ వేసుకోవచ్చు. నా బాధ అది కాదు. వంశధార ఒడ్డు పల్లెల్లో నా విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళి, ముసలివాళ్ళ నోట విన్న మాటలు పోగుచేస్తూ వచ్చాను. బుగత, కంబారి, మదుం వంటివి, వాటితోపాటు వాటిని వాడిన వాక్యాలు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర మాటలకు నిఘంటువు కూర్చారు కదా, మన ఊరి మాటలకు మనమైనా ఆపాటి చేయలేమా అన్న ఆశ. టైపు చేశాక చీటీలు పారవేశాను. అందులో సగం ‘మై డాక్యుమెంట్స్’లో ఉంది. అది సి లోనిదని నాకు తెలియదు, నన్ను ఎవరూ అడగలేదు. అది పోయింది.

డి లో ఉన్న రెండో సగం తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. నాటి ఫాంట్లు తెలుగు అక్షరపు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవి. ఆ ఫాంటు సి తోపాటు పోగానే తెలుగూ పోయింది. ఒక మిత్రుడి దగ్గర అదే ఫాంటు దొరికేదాకా, మూడు నెలలు, నా మాటలు నాకే చదవరాలేదు.

అప్పుడే యూనికోడ్ విలువ తెలిసింది. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. అందులో ‘క’ అంటే 3093 అన్న సంఖ్య. ఏ ఫాంటైనా, ఏ యంత్రమైనా అది ‘క’యే. ఎక్స్‌పీలో సీడీ పెట్టి సంక్లిష్ట లిపుల ఫైళ్ళు వేయించుకున్నాను, దానితో గౌతమి ఫాంటు వచ్చింది. మిగిలిన మాటలన్నీ మళ్ళీ టైపు చేశాను. ఎక్స్‌పీకి 2014లో మైక్రోసాఫ్టు సెలవు చెప్పింది; ఆ ఫైలు ఇప్పటికీ తెరుచుకుంటోంది.

మరొక్క మాట. సి, డి అన్నవి సాధారణంగా ఒకే డిస్కులో గీసిన గీతకు ఇటూ అటూ ఉన్న భాగాలు. డిస్కే కాలిపోతే రెండూ పోతాయి. మా పల్లెల్లో రైతు విత్తనపు గింజలను తిండిగింజలతో కలపడు. కాని ఇంటికి నిప్పంటుకుంటే రెండూ కాలుతాయి గనుక, పొరుగువాడి దగ్గరా నాలుగు శేర్లు ఉండడం మేలు. కాబట్టి ప్రోగ్రాములు ఎక్కడ వేసుకున్నా ఫరవాలేదు. రాత మాత్రం యూనికోడ్‌లో, వేరే డిస్కులో, వీలైతే వేరే ఇంట్లో కూడ ఒక ప్రతి ఉంచండి.

పోయిన సగం కోసం మళ్ళీ ఆ పల్లెలకు వెళ్ళాను. కొన్ని మాటలు దొరికాయి. కొన్నింటిని చెప్పిన ముసలివాళ్ళు అప్పటికే లేరు. ఆ ఇళ్ళలో మనుమలను అడిగితే, “ఆ మాట మాయమ్మమ్మ అనేది గానీ, అర్థం తెలీదు మాస్టారూ” అన్నారు.

సాంకేతిక విషయాల్లో నా పొరపాట్లేవైనా ఉంటే తెలిసినవారు సవరించగలరు. స్వస్తి.