పెద్దల పంతం, బాలుడి ప్రాణం

కారంపూడి రణభూమిలో ఒరిగిపోయే నాటికి బాలచంద్రుడికి ఇంకా నూనూగు మీసాలే. బ్రహ్మనాయుడు, ఐతాంబల ఒక్కగానొక్క కొడుకు. మా కొంగరకలాన్ నుంచి ఇబ్రహీంపట్నం చేరి సాగర్ రోడ్డు పట్టుకుంటే, కృష్ణ దాటగానే ఆ పల్నాడే. పల్నాటి యుద్ధం జరిగింది 1182 ప్రాంతంలో అంటారు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ పిల్లవాడి చావు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

పోరు మొదలుపెట్టింది అతను కాదు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలు. అటు మంత్రిగా నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు వలసపోవాలన్నది ఒప్పందం. పోయారు. గడువు తీరాక మా రాజ్యం మాకివ్వండని అడగడానికి అలరాజును రాయబారం పంపారు. అలరాజు ఎవరో కాదు, నలగామరాజు కూతురు పేరిందేవి మొగుడు. ఆ అల్లుడిని విషం పెట్టి చంపించారు. పేరిందేవి సహగమనం చేసింది. యుద్ధభేరి మోగకముందే ఒక పడుచు జంట బుగ్గయిపోయింది.

పెద్దలంతా కారంపూడిలో మోహరించినా బాలచంద్రుడికి ఆ సంగతి తెలియనివ్వలేదు. తెలిసింది ఒక బొంగరం వల్ల. తోటివాళ్లతో ఆడుతుంటే అతను విసిరిన బొంగరం అన్నమ్మ అనే కోమటి ఇల్లాలి కాలికి తగిలి నెత్తురు కారింది. నీ తండ్రి అక్కడ ప్రాణాలకు తెగించి పోరాడుతుంటే నీకిక్కడ ఆటలా అని ఆమె దులిపేసింది. అంతే, బాలచంద్రుడు ఇంటికి పరుగెత్తాడు. తల్లి ఆపి చూసింది, ఏడ్చి చూసింది. ఆగలేదు. చివరకు భార్య మాంచాల దీవెన తీసుకుని వెళ్లమంది.

మాంచాల కథ మరీ కష్టం. పెళ్లయిందన్న మాటే గాని, మొగుడు శ్యామాంగి అనే వెలయాలి ఇంటికి మరిగి ఈమె గడప తొక్కలేదు. తొలిసారి వచ్చింది యుద్ధానికి సెలవడగడానికి. ఆమెను చూసి అతని మనసు మెత్తబడింది, ఉండిపోదామనుకున్నాడు. ఆమే కర్తవ్యం గుర్తుచేసి కత్తి చేతికిచ్చి పంపింది. ఆ ఒక్క భేటీయే ఆమె కాపురం.

బాలచంద్రుడి వెంట అన్నదమ్ముల్లా పెరిగిన నేస్తాలు కదిలారు. ఒక్కొక్కరిది ఒక్కో కులం. చాపకూడు పెట్టి అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి నీడలో పెరిగినవాళ్లు వాళ్లు. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. బ్రాహ్మణుణ్ని చావుకు తీసుకెళ్లిన పాపం తనకొద్దని బాలచంద్రుడు అతన్ని ఏదో పని మీద వెనక్కి పంపి, చీటీ రాసిపెట్టి ముందుకు సాగిపోయాడు. తిరిగొచ్చిన అనపోతు ఆ చీటీ చదువుకుని, మీరు లేని బతుకు నాకెందుకని తన కత్తితో తానే ప్రాణం తీసుకున్నాడు. నేస్తాన్ని కాపాడాలన్న ప్రేమే నేస్తాన్ని చంపింది. పల్నాటి కథలో నన్ను ఎక్కువగా కలచివేసే ఘట్టం ఇదే.

కారంపూడిలో బాలచంద్రుడు చెలరేగిపోయాడు. నలగామరాజు తమ్ముడు నరసింగరాజును పడగొట్టి, తానూ కూలిపోయాడు. చైనావాళ్ల కథల్లోనూ ఇలాగే లువో చెంగ్ అనే కుర్ర వీరుడున్నాడు. సొంత పక్షపు రాకుమారులే అతన్ని ఒంటరిగా పోరుకు తోస్తే, గుర్రం బురదలో దిగబడి బాణాల వానకు బలైపోయాడు. ఏ దేశంలోనైనా పెద్దల పగలకు మూల్యం చెల్లించింది కుర్రవాళ్లే.

ఇంత నెత్తురు పారాక జరిగిందేమిటి? బ్రహ్మనాయుడు మళ్లీ నలగామరాజునే గద్దె మీద కూర్చోబెట్టి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. ఏ రాజ్యం కోసం బిడ్డలు చచ్చారో అది చివరకు ఎదుటివాడికే దక్కింది.

శ్రీనాథుడు ద్విపదలో రాసిన పల్నాటి వీరచరిత్రలో మనకు మిగిలింది బాలచంద్ర యుద్ధమే. వీరవిద్యావంతులు నేటికీ ఆ కథ పాడుతున్నారు. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారంపూడిలో వీరారాధన జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీలుంటే పిల్లల్ని తీసుకుని వెళ్లండి. బాలచంద్రుడి శౌర్యం చెప్పండి. దాంతోపాటు ఆ యుద్ధం మాటలతో ఆగాల్సిందని, ఆపగలిగిన పెద్దలు ఆపలేదని కూడా తప్పకుండా చెప్పండి.