మూలపడ్డ ఇంజిన్లే పందెం ట్రాక్టర్లయ్యాయి

తుంగభద్ర కాలువ కింద క్యాంపుల్లో పెరిగిన మాకు బండలాగుడంటే ఎడ్లే. అమెరికా రైతులు మాత్రం 1929లోనే మిస్సోరి, ఒహాయోల్లో ట్రాక్టర్లతో బరువులు లాగించారు. పోనుపోను పొలం ట్రాక్టరు ఇంజిన్ చాలలేదు, కొత్త పెద్ద ఇంజిన్‌కి చేతిలో డబ్బుల్లేవు. కొందరు రెండో ప్రపంచయుద్ధంలో మిగిలిన ఆలిసన్ విమాన ఇంజిన్లని పాత సామాను కింద కొని, సొంత షెడ్డులోనే బిగించుకున్నారు. 12 సిలిండర్లు, 28 లీటర్లు! మా తాతలూ మూలపడ్డ పంపుసెట్టుని గుజరీ అంగడి పిస్టన్‌తో లేపి, నారు ఎండకుండా కాపాడుకున్నవాళ్లే.

అయితే అసలు తెలివి క్రాస్‌బాక్స్‌దని మా లెక్క. 1970ల మొదట్లో ఒహాయో అన్నదమ్ములిద్దరు తెచ్చిన గేర్‌పెట్టె అది. దాంతో రెండు మూడు మామూలు ఇంజిన్లు కలిసి ఒకే షాఫ్టుని తిప్పుతాయి. ఒకటి పేలిపోతే దాన్నొక్కదాన్నే దింపి ఇంకోటి ఎక్కిస్తారు.