కలుపు తీసిన అక్కచెల్లెళ్ళు

యుద్ధాలు గెలిచినవాళ్ళ పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. కోటలు కట్టించినవాళ్ళవీ, చెరువులు తవ్వించినవాళ్ళవీ ఉంటాయి. కలుపు తీసినవాళ్ళ పేర్లు మాత్రం వెతికినా దొరకవు. బియ్యంలో రాళ్ళేరడం, జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటిమీద రాత్రంతా తడిగుడ్డ మారుస్తూ కూర్చోవడం, కలుపు తీయడం - ఇవన్నీ ఒక కోవకు చెందిన పనులు. చేసినంతకాలం ఎవరి కంటికీ ఆనవు. మానేసిన మర్నాడే అందరికీ కనబడతాయి!

అలాంటి పని చేసి, ఆ పనికే తమ ఇంటిపేరు ఇచ్చి వెళ్ళిన అక్కచెల్లెళ్ళు ఇద్దరున్నారు. ఊరు ఆస్ట్రేలియాలోని సిడ్నీ. అక్క ఐలీన్ బ్రాడ్లీ 1911లో పుట్టింది, చెల్లెలు జోన్ 1916లో. జోన్ రసాయనశాస్త్రం చదువుకుని పరిశ్రమల్లో పనిచేసిన మనిషి. వాళ్ళిద్దరూ కలుపు తీసింది ఏ వరిచేలోనో, కూరపాదుల్లోనో అనుకునేరు. ఊరి మధ్య మిగిలిపోయిన ఒక అడవి ముక్కలో!

ఈమధ్య పిల్లల దగ్గరికని సిడ్నీ వెళ్ళివస్తున్నవాళ్ళు మనలో తక్కువేం కాదు. వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. అది సముద్రపు పాయ చుట్టూ అల్లుకున్న నగరం. ఇటు ఇళ్ళూ రోడ్లూ, అటు నీళ్ళ అంచుదాకా దిగిపోయే చెట్లూ పొదలూ. అవి ఎవరో నాటి పెంచిన తోటలు కావు. 1788లో ఇంగ్లీషువాళ్ళు ఓడలు దిగి ఊరు కట్టడానికి ముందునుంచీ ఉన్న అడవిలో అక్కడక్కడా మిగిలిన తునకలు. అలాంటి అడవిని అక్కడివాళ్ళు 'బుష్' అంటారు. వేల ఏళ్ళుగా ఆ నేలమీద బతికిన ఆదివాసులకు ఏ పొదను ఎప్పుడు కాల్చాలో, ఏ దుంపను ఎప్పుడు తవ్వాలో తెలుసు. వాళ్ళ నేల వాళ్ళకు కాకుండా పోయాక, ఆ అడవి మంచిచెడ్డలు చూసే దిక్కు లేకపోయింది.

టరోంగా జంతుప్రదర్శనశాలకు పక్కనే ఆష్టన్ పార్కు అని అలాంటి అడవి ఒకటుంది. సుమారు 40 ఎకరాలు. అక్కడి నేల ఇసుకరాయి నేల, బొత్తిగా సారం లేనిది. ఆ పేదరికానికి అలవాటుపడ్డ మొక్కలే అక్కడ పెరుగుతాయి - చిన్న జీతంతో గుట్టుగా సంసారం ఈదుకొచ్చే ఇల్లాళ్ళలాగా. యూకలిప్టస్ చెట్లు, మన తుమ్మకు దూరపు చుట్టాలైన వాటిల్ చెట్లు, సీసాలు కడిగే బ్రష్షులాంటి పూలు పూసే బాంక్సియాలు అక్కడి ఇంటిబిడ్డలు. మనం జామాయిల్ అని తోటలు వేసుకుంటున్న చెట్టు ఆ యూకలిప్టస్ వంశానిదే. అక్కడ ఇంటిబిడ్డ, ఇక్కడ వలస వచ్చినది. మొక్కల్లో మంచివీ చెడ్డవీ ఉండవండీ, తమ ఊళ్ళో ఉన్నవీ ఊరు తప్పినవీ ఉంటాయి.

అలా ఊరు తప్పిన మొక్కే లంటానా. మనవైపు తలంబ్రాల మొక్క అంటారు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబి రంగులు కలిసిన చిన్న చిన్న పూలు. దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. అందంగా ఉందని దొరలు పందొమ్మిదో శతాబ్దంలో మన దేశానికీ తెచ్చారు, ఆస్ట్రేలియాకూ తెచ్చారు. తోటలో ముద్దుగా పెంచారు. దాని నల్లటి పళ్ళు పిట్టలు తిని అడవిలో విత్తనాలు వేశాయి. ఇంకేముంది, ఏకు మేకై కూర్చుంది! దానికి తోడు ఇళ్ళచుట్టూ కంచెకని తెచ్చిన ప్రివెట్ మొక్కలు, పూలకుండీల్లోంచి పారబోసిన తీగలు. పైనున్న ఇళ్ళనుంచి వాననీళ్ళతోపాటు తోటల ఎరువు కూడా అడవిలోకి దిగేది. బీదనేలకు అలవాటుపడ్డ ఇంటిబిడ్డలకు ఆ ఎరువు పడలేదు. వచ్చినవాటికి మాత్రం విందుభోజనమైంది.

ఈ లంటానా పొదను ఏం చెయ్యాలి? ఆ రోజుల్లో అందరికీ తెలిసిన మందు ఒకటే. ఎక్కడ బాగా దట్టంగా ఉంటే అక్కడికి కత్తులతో, యంత్రాలతో వెళ్ళి నేలమట్టం చేసెయ్యడం. చేసినరోజు చూడముచ్చటగా ఉండేది. మరుసటి వానాకాలానికి పొద రెండింతలై లేచేది.

అక్కచెల్లెళ్ళది ఆ దగ్గర్లోనే ఇల్లు. ఆ అడవిలో నడవడం వాళ్ళకు రోజూ ఉన్న అలవాటు. చూడ్డంలో వాళ్ళకున్న ఓపిక ఎంతటిదో ఒక్క సంగతి చెబితే తెలుస్తుంది. అక్కడ నీలి రెన్ అని మన పిచ్చుకకన్నా చిన్న పిట్ట ఒకటుంది. తోక ఎప్పుడూ నిటారుగా నిలబెట్టుకుని గెంతుతుంది. గుడ్లు పెట్టే కాలంలో మగపిట్ట తల మెరిసే నీలంగా ఉంటుంది. వీటిది ఉమ్మడి కుటుంబం. అంతకుముందు ఈతలో పుట్టిన అన్నలు కూడా చిన్న తమ్ముళ్ళకు పురుగులు తెచ్చి నోట్లో పెడతారు! ఏ పిట్ట ఏదో గుర్తుపట్టడానికి అక్కచెల్లెళ్ళు వాటి కాళ్ళకు రంగురంగుల ఉంగరాలు తొడిగి, వాటి నడవడి అంతా రాసిపెట్టారు. ఆ వ్యాసం 1958లో ఆస్ట్రేలియా పక్షిశాస్త్ర పత్రిక 'ఎమూ'లో అచ్చయింది.

పిట్టల్ని అలా చూసిన కళ్ళతోనే 1960లలో కలుపు మొక్కల్నీ చూశారు. నరికినచోట ఏం లేస్తోంది? నరకనిచోట ఏం జరుగుతోంది? చూసి, చేసి, మళ్ళీ చూసి, చివరికి మూడు సూత్రాలు తేల్చారు.

మొదటిది: పని బాగున్నచోటునుంచి మొదలుపెట్టాలి. ఇది వినగానే ఎవరికైనా తలకిందులుగా తోస్తుంది. ఇల్లు సర్దేటప్పుడు మనం ముందు పట్టేది బాగా చెత్తగా ఉన్న మూలనే కదా! కానీ అడవిలో లెక్క వేరు. బాగున్నచోట ఒకటో రెండో కలుపు మొక్కలుంటాయి. వాటిని తీసేస్తే, చుట్టూ ఉన్న ఇంటిబిడ్డలే ఆ ఖాళీలో నిండుతారు. పాడైపోయిన మూలలో అంతా పీకేస్తే ఖాళీ నేలమీద ఎండ పడి, మట్టిలో నిద్రపోతున్న వేల కలుపు గింజలు ఒక్కసారి లేస్తాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్ళు ఏనాడో అన్నారు. ఆ మాటే ఇది.

రెండోది: నేలను కదిలించకూడదు. చిన్న కత్తి, కత్తెర, మన బొరిగెలాంటి పనిముట్టు చాలు. పీకిన గుంటను పూడ్చి, పైన రాలిన ఆకుల్ని మళ్ళీ పరిచి రావాలి, అక్కడికెవరూ రానట్టే.

మూడోది అన్నిటికన్నా కష్టం: తొందరపడకూడదు. ఖాళీ అయినచోట ఇంటిబిడ్డలు ఎంత వేగంగా మొలిస్తే అంత వేగంగానే కలుపు తియ్యాలి. ఎంత పని చేయగలమన్నది లెక్కలోకి రాదు, అడవి ఎంత తట్టుకోగలదన్నదే లెక్క. లంఖణాలు చేసి లేచినవాడికి మొదటిరోజే పప్పూ నెయ్యీ గారెలూ పెట్టం కదా? చారుమెతుకులతో మొదలుపెడతాం. అడవికీ పథ్యం ఉంటుందన్నమాట.

ఇంకో చిత్రం చూడండి. వాళ్ళు మొక్కలు నాటలేదు! నాటడానికి గొయ్యి తవ్వితే నేల కదులుతుంది. పైగా కావలసిన విత్తనం ఆ మట్టిలోనే ఉంది. అడ్డం తొలగిస్తే చాలు, అదే లేస్తుంది. పెరటిచెట్టు మందుకు పనికిరాదని మనం చిన్నచూపు చూస్తాం గాని, ఆ పెరటి విత్తనంమీద వాళ్ళకున్నంత నమ్మకం ఉండాలి.

నిదానంగా చెయ్యాలనడానికి మరో కారణం ఉంది. ఇది ప్రాణులతో ముడిపడింది. లంటానా కలుపే కావచ్చు. కానీ అసలు పొదలు పోయినచోట, నీలి రెన్ పిట్టలకు ఆ ముళ్ళపొదే ఇల్లు. 'బాండికూట్' అనే జంతువుకూ అదే ఆశ్రయం. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? మన పందికొక్కే! తెలుగు పందికొక్కు దొరల నోటబడి 'బాండికూట్' అయింది. తరువాత ఆస్ట్రేలియా వెళ్ళినవాళ్ళు పొడుగుముక్కుతో నేల తవ్వుకునే ఒక జంతువును చూసి ఆ పేరే పెట్టేశారు. నిజానికి అది ఎలుక జాతే కాదు. కంగారూలాగా సంచిలో పిల్లల్ని మోసే జీవి. పురుగుల్నీ వానపాముల్నీ తిని బతుకుతుంది. మన తెలుగు మాటను మోసుకు తిరుగుతున్న ఆ అమాయకప్రాణి ఒక్కరోజులో పొదంతా కొట్టేస్తే ఎక్కడికి పోతుంది? పిల్లికో, కుక్కకో, నక్కకో దొరికిపోతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. కొంచెం కొంచెంగా తీస్తూపోతే, ఒక పక్క ముళ్ళపొద తగ్గేలోగా మరోపక్క అసలు పొద ఎదుగుతుంది. ఆ ప్రాణులు మెల్లగా ఇల్లు మారతాయి.

సరే, ఫలితం ఏమైంది? 1964నుంచి 1975వరకూ పదకొండేళ్ళు పట్టింది. ఆ 40 ఎకరాల అడవి ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళి చూసుకుంటే చాలన్న స్థితికి వచ్చింది. వాగు గట్లూ, దారి పక్కలూ మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండాలి, అంతే.

అయితే కలుపు తియ్యాలన్నా ముందు నేలంటూ మిగలాలి కదా! ఆ పోరాటం అదే నగరంలో, అదే కాలంలో మరికొందరు ఆడవాళ్ళు చేశారు. హంటర్స్ హిల్ అనే పేటలో నది ఒడ్డున 'కెల్లీస్ బుష్' అని సుమారు 12 ఎకరాల అడవి ఉంది. పక్కనున్న తగరం కరిగించే కర్మాగారం 1967లో వెళ్ళిపోయాక, ఆ స్థలంలో ఇళ్ళు కడతామని ఒక నిర్మాణ సంస్థ వచ్చింది. 1970లో పదమూడుమంది గృహిణులు సంఘం కట్టారు. పురపాలక సంఘానికి వెళ్ళారు, ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు, ఉత్తరాలు రాశారు. ఎక్కడా పని కాలేదు. చివరికి భవన నిర్మాణ కార్మికుల సంఘం తలుపు తట్టారు. కలిగినవాళ్ళ పేటలోని ఇల్లాళ్ళు ఎర్రజెండా కార్మికుల్ని సాయమడగడం అప్పట్లో అందరికీ వింతే! ఊరు మీవెంట ఉందని చూపించండి అన్నారు కార్మికులు. సభ పెడితే ఆరువందలమంది వచ్చారు. 1971లో జాక్ మండీ నాయకత్వంలోని ఆ సంఘం, కెల్లీస్ బుష్‌లో తాము ఇటుక ముట్టుకోమని తేల్చిచెప్పింది. వేరే కూలీలతో కట్టుకుంటామంది సంస్థ. అక్కడ ఒక్క చెట్టు కూలినా ఈ కట్టడం ఎప్పటికీ ఇలాగే సగంలో నిలబడిపోతుందని, అదే సంస్థకు మరోచోట భవనం కడుతున్న కార్మికులు తీర్మానించారు. ఆ తరువాత నాలుగేళ్ళలో ఇలాంటి నిషేధాలు నలభైకి పైగా వచ్చాయి. లోకం వాటిని 'గ్రీన్ బాన్' అని పిలిచింది. 1983లో ప్రభుత్వం కెల్లీస్ బుష్‌ను కొని, ప్రజలకు వదిలింది.

యంత్రాన్ని ఆపడానికి గొంతు కావాలి, పదిమంది కావాలి, తెగింపు కావాలి. అది పత్రికల్లోకి ఎక్కుతుంది. ఆపిన తరువాత ఏళ్ళతరబడి మోకాళ్ళమీద కూర్చుని కలుపు తియ్యడానికి ఓపిక కావాలి. అది పత్రికల్లోకి ఎక్కదు. మొదటిది లేకపోతే అడవి ఒక్కరోజులో పోతుంది. రెండోది లేకపోతే పాతికేళ్ళలో, ఎవరికీ తెలియకుండా పోతుంది. పోవడంలో తేడా ఏముంది చెప్పండి?

ఐలీన్ 1976లో కన్నుమూసింది, జోన్ 1982లో. తమ పద్ధతిని వాళ్ళు చిన్న పుస్తకాలుగా వేశారు. పెద్ద పుస్తకం జోన్ పోయిన తరువాత 1988లో వచ్చింది. 'బ్రాడ్లీ పద్ధతి' అన్న పేరు నిలిచిపోయింది. మరీ పాడైపోయిన చోట్ల ఈ పద్ధతి ఒక్కటే చాలదని, అక్కడక్కడా కాస్త మందూ, అదుపులో పెట్టిన మంటా వాడాలని తరువాతివాళ్ళు అనుభవంమీద తెలుసుకున్నారు. అయినా మూడు సూత్రాలూ వాళ్ళవే. ఇవాళ సిడ్నీలో పేటపేటకీ స్వచ్ఛందంగా కలుపు తీసే జట్లున్నాయి. చేతి తొడుగులు వేసుకుని, నెలకో పూట, వారానికో పూట వచ్చి, పనయ్యాక టీ తాగి కబుర్లు చెప్పుకుని వెళతారు. పెద్దవయసువాళ్ళు, పిల్లల్ని బడికి పంపివచ్చే తల్లులు కూడా ఉంటారు.

లంటానా మన అడవుల్నీ వదల్లేదు. పశువులు తినవు, దానికింద గడ్డి మొలవదు. దాన్ని చూసి అమ్మో అని గుండె జారిపోవడం సహజం. కానీ ఆ అక్కచెల్లెళ్ళ దారి మనకూ పనికొస్తుంది. మీ ఊరి చివర గుట్టమీదో, చెరువుగట్టు వెనకో, పాత దేవాలయం చుట్టూనో మన చెట్లే ఇంకా బతికున్న మూల ఒకటి ఉండే ఉంటుంది. ముళ్ళపొద ఎంత పెరిగిందన్న లెక్క తరువాత చూడొచ్చు. ముందు ఆ మూల ఎక్కడుందో చూసిపెట్టుకోండి. పని మొదలుపెట్టాల్సింది అక్కడే.