సూది కంటే ముందు

శుక్లం ఆపరేషన్ చరిత్రను మనం ఎప్పుడూ పనిముట్ల చరిత్రగానే చెప్పుకుంటాం. సూదిలాంటి శలాక పోయి కత్తి వచ్చింది, కత్తి వెనక కుట్టు, ఆ తరువాత ప్లాస్టిక్ లెన్స్, అల్ట్రాసౌండ్ వచ్చాయని వరుసగా చెబుతాం. ఆ వరుసలో బల్ల మీద పడుకున్న మనిషి కనిపించడు. ఆపరేషన్‌కు ముందు ఆ మనిషిని ఏం అడిగారు, ఏం చేయమన్నారు, ఏం ఓర్చుకోమన్నారు అన్న కోణం నుంచి అదే చరిత్రను చదివితే మరో సంగతి బోధపడుతుంది. రోగిని సిద్ధం చేయడం చికిత్సకు ముందు జరిగే లాంఛనం కాదు, చికిత్సలో భాగమే. దాన్ని వదిలేసిన చోట ఎంత మంచి హస్తవాసి ఉన్నా కన్ను దక్కుతుందన్న భరోసా లేకపోయింది.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం 17వ అధ్యాయంలో కఫం వల్ల వచ్చే లింగనాశానికి, అంటే దాదాపుగా మనం శుక్లం అనే జబ్బుకు, చికిత్స ఉంది. అందులో కంటిని గుచ్చే ఘట్టం ఎంత ముఖ్యమో, దానికి ముందూ వెనకా చెప్పిన జాగ్రత్తలూ అంతే ముఖ్యం. మరీ ఎండ, మరీ చలి లేని కాలం చూసుకోవాలి. నూనె, నెయ్యిలతో చేసే స్నేహనంతో, చెమట పట్టించే స్వేదనంతో ఒంటిని సిద్ధం చేయాలి. రోగిని కూర్చోబెట్టి, కదలకుండా పట్టుకుని, చూపు తన ముక్కు మీదే నిలపమనాలి. యవగింజ మొనలాంటి శలాకతో పొరను చూపుకు అడ్డం లేకుండా తోసే పని ముగిశాక నెయ్యి పూసి, కట్టు కట్టి, పొగా దుమ్మూ లేని ఇంట్లో వెల్లకిలా పడుకోబెట్టాలి. తుమ్ము, దగ్గు, తేన్పు రాకుండా చూసుకోవాలి. కట్టు విప్పి కషాయాలతో కడుగుతూ, తేలికపాటి ఆహారంతో పది రోజులు గడపాలి. అదే గ్రంథం సూత్రస్థానంలో, శస్త్రచికిత్సకు ముందు రోగికి ఇష్టమైన భోజనం పెట్టాలనీ, నొప్పి ఓర్చుకోలేని వారిలో తాగే అలవాటున్న వారికి ఘాటైన మద్యం ఇవ్వాలనీ ఉంది. మత్తుమందు లేని కాలంలో సొమ్మసిల్లకుండా, నొప్పి తెలియకుండా చేసుకున్న ఏర్పాటు అది. తుమ్మవద్దనడంలోనూ తర్కం ఉంది. తుమ్మితే కంట్లో ఒత్తిడి పెరిగి, పక్కకు తోసిన పొర మళ్లీ చూపుకు అడ్డం రావచ్చు.

ఇదే శలాక శతాబ్దాల తరువాత ఊరూరా తిరిగే వైద్యుల చేతుల్లో ఏమైందో చెప్పే సాక్ష్యం మద్రాసులో దొరుకుతుంది. 1819లో మొదలైన మద్రాసు కంటి ఆస్పత్రికి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్, ఇలా పొర తోయించుకుని చెడిపోయిన కళ్లను పరీక్షించి, 1917లో ఆ అంశంపై ప్రసంగాలు చేసి, పుస్తకం రాశారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోవే. సంచార వైద్యుడు పొర తోయగానే రోగికి వెలుగు కనిపిస్తుంది. డబ్బు తీసుకుని అతను వెళ్లిపోతాడు. చీము పట్టినా, లోపల వాచినా, ఒత్తిడి పెరిగినా చూసే దిక్కుండదు. ఎలియట్ చూసింది ఆస్పత్రికి వచ్చిన కళ్లనే కదా, బాగుపడ్డ వాళ్లు అక్కడికి ఎందుకు వస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ లెక్కల నుంచి నూటికి ఎన్ని కళ్లు పోయాయో తేల్చలేం. కానీ కళ్లు ఏ దారుల్లో పోయాయో ఆ లెక్కలు చెబుతాయి. పొరను కంట్లోనే వదిలేయడం ఆ పద్ధతిలోనే ఉన్న లోపం, దాన్ని ఏ జాగ్రత్తా పూర్తిగా సరిచేయలేదు. అయినా శుభ్రత, విశ్రాంతి, పది రోజులు కనిపెట్టుకుని ఉండటం తీసేశాక ఆ లోపానికి మరెన్నో తోడయ్యాయి. ఇది మన దేశపు వెనకబాటు మాత్రమే కాదు. 1750లో లైప్‌జిగ్‌లో సంగీతకారుడు బాహ్‌కు రెండుసార్లు కంటి ఆపరేషన్ చేసిన జాన్ టేలర్ కూడా ఊళ్లు తిరిగే వైద్యుడే. బాహ్ ఆ జులైలోనే చనిపోయారు.

కళ్లను కాపాడింది పనిముట్లే, రోగి సిద్ధత కాదు అన్నది నా వాదనకు గట్టి అభ్యంతరం. ఇందులో సగం నిజముంది. 1747లో జాక్ డావియెల్ పొరను తోయడం మాని బయటకు తీయడం మొదలుపెట్టారు. 1884లో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని చూపించారు. కుట్లు సరిగా లేని రోజుల్లో రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. ఆ బాధను రోగి మీద నుంచి దించింది పనిముట్లే. అయితే అవి దించింది ఓర్పు బరువును. సిద్ధం చేయాల్సిన అవసరం పోలేదు, దాని రూపం మారింది. 1949 నవంబర్ 29న లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి ప్లాస్టిక్ లెన్స్ అమర్చినప్పుడు పని చక్కగా జరిగింది, కానీ పవర్ తప్పింది. రోగికి దాదాపు మైనస్ 18 అద్దాలు కావాల్సి వచ్చింది. కంటి పొడవు కొలిచి లెన్స్ పవర్ లెక్కకట్టే పద్ధతులు వచ్చాకే ఆ లోటు తీరింది. ఇవాళ ఆపరేషన్‌కు ముందు గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా చూడమనే ఆ కొద్ది నిమిషాలకు ఇంత విలువ ఉంది. ఆపరేషన్‌కు ముందు పొవిడోన్ అయోడిన్ చుక్కలు వేస్తే కంట్లో చీము పట్టే ముప్పు తగ్గుతుందని 1991లో తేలింది. టామ్సులోసిన్ అనే ప్రోస్టేట్ మాత్ర వాడేవారిలో ఆపరేషన్ మధ్యలో కంటిపాప అదుపు తప్పుతుందని 2005లో బయటపడింది. ఏ యంత్రమూ ఆ మాత్ర సంగతి చెప్పదు. రోగిని అడగాలి, రోగి చెప్పాలి.

రెండో అభ్యంతరం ఈ కాలపు పరిశోధన నుంచే వస్తుంది. 2000లో అమెరికా, కెనడాల్లో 19 వేలకు పైగా శుక్లం ఆపరేషన్లపై వెలువడిన అధ్యయనంలో, ముందుగా అందరికీ ఈసీజీ, రక్తపరీక్షలు చేసినా చేయకపోయినా వైద్యపరమైన ఇబ్బందులు ఒకే స్థాయిలో ఉన్నాయి. అలాంటప్పుడు సిద్ధత పేరుతో పేదవాడి మీద ఖర్చు మోపడం ఎందుకు? ఈ ప్రశ్న నా వాదనను కొట్టేయదు, దానికి పదును పెడుతుంది. ఆ అధ్యయనం అనవసరమన్నది అవసరం చూడకుండా అందరికీ ఒకేలా రాసే పరీక్షలను. రోగి ఆరోగ్య చరిత్ర అడగడం, ఒంటిని చూడటం రెండు వైపులా జరిగాయి. అంటే సిద్ధత కాగితాల కట్ట కాదు, ఒక సంభాషణ.

ఆ సంభాషణ లేనప్పుడు పాత నమ్మకాలు ఆ ఖాళీని నింపుతాయి. శుక్లం ముదిరాకే తీయించుకోవాలన్న మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. అది ఒకప్పుడు సరైన సలహానే, ముదరని పొర పూర్తిగా బయటకు రాక కంట్లో మిగిలిపోయేది. 1967లో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో పొరను కరిగించి తీసే పద్ధతి తెచ్చాక, బాగా గట్టిపడిన పొరే ఎక్కువ కష్టం. సలహా తలకిందులైంది, ఆ కబురు మాత్రం చాలా గడపలకు చేరలేదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు పరీక్షను ఊరి ముంగిటకు తెచ్చాయి. పరీక్ష చేసి తేదీ ఇచ్చి పంపితే పని సగమే అయినట్టు. ఏ మాత్రలు వాడుతున్నారు? మగ్గం మీద కూర్చుని దగ్గరి పని చేస్తారా, లారీ నడుపుతారా? ఇంటికెళ్లాక చుక్కలు వేసేదెవరు? దగ్గు ఉందా? ఈ చివరి ప్రశ్నను సుశ్రుత సంహిత కూడా పట్టించుకుంది. రోగిని ఇలా అడిగి, అతను చెప్పింది రాసుకునే వేళకే ఆపరేషన్ మొదలైపోయింది.