ఏనుగుని కొన్నాం, ఇక మేపాలి: జీఎంసీ మోటర్‌హోమ్ కథ

ఇవాళ నేను కూర్చున్న చోటు చూసి ఇదేదో కొత్త స్టూడియో అనుకోకండి. ఇది 1976లో తయారైన బండి. నా వెనకాల మంచం, స్టవ్, సింక్, ఆ తలుపు వెనక చిన్న బాత్రూమ్. కిటికీలోంచి కనిపిస్తున్నది మిషిగన్‌లో మా ఇంటి ముందు రోడ్డు. మా కాలనీ రూల్ ప్రకారం ఇలాంటి బండి ఇంటి ముందు 48 గంటలకి మించి ఉండకూడదు. అందుకే ఈ ఎపిసోడ్ కాస్త హడావిడిగా షూట్ చేస్తున్నా.

మోటర్‌హోమ్ అంటే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది హీరోల కారవాన్. నేను చెప్పేది అది కాదు. మామూలు మధ్యతరగతి అమెరికన్ కుటుంబం సెలవుల్లో పిల్లల్ని ఎక్కించుకుని, తనే నడుపుకుంటూ వెళ్ళే ఇల్లు. ఈ బండి ఫోటో పెట్టినప్పుడల్లా నాకు వచ్చే మెసేజ్ ఒకటే: "అన్నా, ఎంతకి కొన్నావ్? వర్త్ ఉందా?" దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎందుకంటే నేను ఇవాళ కడుతున్న బిల్లుల్లో సగం 1970ల్లోనే రాసిపెట్టి ఉన్నాయి.

కాస్త వెనక్కి వెళ్దాం. రే ఫ్రాంక్ అనే ఆయన ఇక్కడే మిషిగన్‌లోని బ్రౌన్ సిటీలో 1958లో తన కుటుంబం కోసం ఒక బండి కట్టుకున్నాడు. చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు, అదే వ్యాపారం అయింది. 1966లో అయోవాలోని ఫారెస్ట్ సిటీ నుంచి విన్నెబాగో కంపెనీ మోటర్‌హోమ్‌లు మొదలుపెట్టి, ధర తగ్గించి, మార్కెట్‌ని ఊపేసింది. అయితే అప్పటి బళ్ళన్నిటిదీ దాదాపు ఒకే పద్ధతి. ఒక లారీ ఛాసిస్ కొనుక్కోవడం, దాని మీద డబ్బా లాంటి ఇల్లు పెట్టడం. ఇంజన్ ముందు, నడిచేది వెనక చక్రాలు, మధ్యలో కింద పొడవాటి షాఫ్ట్. ఆ షాఫ్ట్ పైన ఫ్లోర్ రావాలి కాబట్టి ఇల్లు ఎత్తులో ఉంటుంది. గాలికి ఊగుతుంది. ఎక్కడానికి మెట్లు కావాలి. చాలా వాటికి లోపల చెక్క ఫ్రేమే. నీళ్ళు దిగితే కుళ్ళిపోయేది.

అప్పుడు జనరల్ మోటర్స్ రంగంలోకి దిగింది. ప్రపంచంలోనే పెద్ద కార్ల కంపెనీ, మోటర్‌హోమ్ మాత్రం అంతవరకూ చేయలేదు. 1972 మే నెలలో వాషింగ్టన్ దగ్గర డల్లస్ ఎయిర్‌పోర్టులో ట్రాన్స్‌పో 72 అని పెద్ద ఎగ్జిబిషన్ జరిగితే, అక్కడ ఈ బండిని చూపించారు. 1973 మోడల్‌గా అమ్మకాలు మొదలయ్యాయి. లారీ ఛాసిస్ లేదు. పైన అల్యూమినియం, కింద ఫైబర్‌గ్లాస్. 23 అడుగులదొకటి, 26 అడుగులదొకటి. మాది 26.

అసలు తెలివంతా కింద ఉంది. పోయిన ఏడాది మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. బండి చూడగానే లోపలికి ఎక్కలేదు, చాప ఒకటి అడిగి తీసుకుని కిందకి దూరారు. రెండు నిమిషాలు చప్పుడు లేదు. తర్వాత కిందనుంచే అరిచారు: "ఒరేయ్, దీనికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏదిరా?"

లేదు నాన్నా, ఉండదు. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో అని 1966లో ఒక కారు వచ్చింది. పెద్ద వీ8 ఇంజన్, కానీ తిరిగేది ముందు చక్రాలు. గేర్‌బాక్స్‌ని ఇంజన్ వెనక కాకుండా పక్కన పెట్టి, రెంటినీ ఒక బలమైన గొలుసుతో కలిపారు. ఆ సెట్టంతా తెచ్చి ఈ మోటర్‌హోమ్ ముందు భాగంలో బిగించారు. వెనక్కి షాఫ్ట్ అక్కర్లేదు, వెనక యాక్సిల్ అక్కర్లేదు. అందుకని ఫ్లోర్ నేలకి మోకాలెత్తు కంటే కిందే ఉంటుంది. వెనక ఒక్కో పక్క రెండేసి చిన్న చక్రాలు ఒకదాని వెనక ఒకటి, ఆ రెంటి చేతుల మధ్యలో గాలి నింపిన రబ్బరు బ్యాగు. అదే స్ప్రింగు. గాలి ఎక్కువ తక్కువ చేసి బండిని లెవెల్ చేసుకోవచ్చు.

నాన్న బయటికొచ్చి బట్టలు దులుపుకుంటూ, "వీడెవడో బుర్ర పెట్టాడ్రా" అన్నారు. మరుక్షణంలోనే, "ఇది బండి కాదు, ఏనుగు. కొనడానికేముంది, మేపడమే" అన్నారు. టైటిల్ అక్కడినుంచే కొట్టేశా.

మేత సంగతికొద్దాం. ఇంజన్ 455 క్యూబిక్ ఇంచులు, అంటే దాదాపు 7.5 లీటర్లు. మన ఊళ్ళో తిరిగే 1.2 లీటర్ చిన్న కార్లు ఆరింటిని కలిపినంత. మా బండి గ్యాలన్‌కి 9 మైళ్ళు ఇస్తే ఆ రోజు పండగే. మన లెక్కలో లీటరుకి నాలుగు కిలోమీటర్లు కూడా రాదు. ట్యాంకు 50 గ్యాలన్లు, సుమారు 190 లీటర్లు. ఇంత తిండిపోతుని ఎవడు డిజైన్ చేశాడ్రా అనిపిస్తుంది కదా? కానీ 1973 మొదట్లో అమెరికాలో పెట్రోల్ గ్యాలన్ 40 సెంట్ల లోపే. 20 డాలర్లకి ట్యాంకు నిండిపోయేది. ఆ లెక్కలో ఇది తప్పు కానే కాదు.

బండి మార్కెట్లోకి వచ్చి ఏడాది తిరగకముందే, 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. బంకుల దగ్గర క్యూలు. ఆదివారాలు పెట్రోల్ అమ్మొద్దని అధ్యక్షుడు నిక్సన్ బంకుల్ని కోరాడు. 1974 జనవరిలో దేశమంతా గంటకి 55 మైళ్ళ స్పీడ్ లిమిట్ చట్టం మీద సంతకం పెట్టాడు. సెలవులకి ఇల్లు కట్టుకుని రోడ్డెక్కుదామనే ఊహకే దెబ్బ తగిలింది. జీఎంసీ మాత్రం అప్పుడే ఆపలేదు, ఇంకొన్నేళ్ళు లాగింది. లోపల ఫర్నిచర్ లేని ఖాళీ బాడీలు కూడా అమ్మింది. వాటిలో కొన్ని అంబులెన్సులయ్యాయి. 1977లో ఇంజన్ని 403కి, అంటే 6.6 లీటర్లకి తగ్గించింది. చివరికి 1978 మోడల్‌తో ఆపేసి, పాంటియాక్‌లో ఆ ఫ్యాక్టరీ జాగాని పికప్ ట్రక్కులకి ఇచ్చేసింది. మొత్తం తయారైనవి 12,921.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తా. చాలామంది ఆయిల్ సంక్షోభం చంపేసిందని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగమే. ఈ బండి గుండె టొరొనాడోది, సొంతది కాదు. 1979లో టొరొనాడోనే చిన్నది చేసేశారు, గేర్‌బాక్స్ మారిపోయింది. ఇంకొకరి గుండెతో బతికే బండి ఆ తర్వాత ఎలా బతుకుతుంది? కొత్త గుండె కోసం డిజైన్ అంతా మళ్ళీ చేయాలి. ఏడాదికి రెండు మూడు వేల బళ్ళ కోసం అంత పెద్ద కంపెనీ ఆ ఖర్చు పెట్టదు. ట్రక్కులు లక్షల్లో అమ్ముడవుతాయి.

ఇప్పుడు నా బిల్లులు చూడండి. నేను కొన్నది నాలుగేళ్ళ క్రితం, 14,500 డాలర్లకి. చవకే అనుకున్నా. మొదటి దెబ్బ టైర్లు. అప్పట్లో దీనికి పదహారున్నర అంగుళాల చక్రాలు ఇచ్చారు. ఆ సైజు తర్వాత కాలంలో మూలపడింది. మంచి టైరు కావాలంటే ముందు చక్రాలే 16 అంగుళాలకి మార్చుకోవాలి. ఆరు చక్రాలు, ఆరు టైర్లు. పైగా ఇలాంటి బండి ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది, టైరు అరిగిపోదు, ముసలిదైపోతుంది. చూడ్డానికి కొత్తగా ఉన్నా ఆరేడేళ్ళకి తీసేయాల్సిందే. తర్వాత బ్రేకులు, ఎయిర్ బ్యాగులు, రేడియేటర్. నా పనిగంటలు వదిలేసి, నాలుగేళ్ళలో మొత్తం 17,000. పార్కింగ్ జాగాకి నెలకి 90 డాలర్లు వేరే.

డబ్బు పక్కన పెట్టండి. రెండో వేసవిలో మ్యాకినా బ్రిడ్జి చూద్దామని బయల్దేరాం. నేను, మా ఆవిడ, పాప. దారిలో మా ఆవిడ, "పెట్రోల్ వాసన వస్తోందండీ" అంది. బంకులో కొట్టించుకున్నాం కదా, అదే అయ్యుంటుందన్నా. ఐదు నిమిషాలాగి మళ్ళీ అంది, ఈసారి గొంతు మారింది. ఈ బండిలో ఇంజన్ ముందు సీట్ల వెనకే, ఫ్లోర్‌లో ఒక మూత కింద ఉంటుంది. అంటే మంటొస్తే ఇంట్లోనే వస్తుంది. పక్కకి ఆపి ఇంజన్ కట్టేసి, వాళ్ళిద్దర్నీ గడ్డిలోకి దూరంగా పంపి, ఫైర్ సిలిండర్ పట్టుకుని మూత తీశా. రబ్బరు పైపు చీలి, పెట్రోల్ చుక్కలు చుక్కలుగా పడుతోంది. జానెడు దూరంలో కాలిపోతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. ఆ రోజు పాప "నాన్నా, ట్రిప్ అయిపోయిందా?" అని అడిగితే నాకు నోరు పెగల్లేదు.

కారణం తర్వాత తెలిసింది. 1976లో పెట్రోల్ వేరు, ఇవాళ పెట్రోల్ వేరు. ఇప్పుడు అమెరికాలో మామూలుగా దొరికేదాంట్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాతకాలపు రబ్బరుని అది తినేస్తుంది. మాకు ముందు ఓనరెవరో పైపుల్ని మార్చకుండా వదిలేశాడు. నేను పెయింటు చూసి, సోఫాలు చూసి కొన్నాను. పైపులు చూడలేదు. మీలో ఎవరైనా పాత బండి ఏది కొన్నా, అంబాసిడర్ అయినా సరే, ముందు ఫ్యూయెల్ లైన్లన్నీ మార్చి ఆ తర్వాతే తాళం తిప్పండి. ట్యాంకులు దించి మరీ మార్చించాల్సి వచ్చింది. ఆ పని కోసం ఒక షెడ్డుకిస్తే మూడు వారాలు ఉంచుకుని, ఇది మావల్ల కాదని తిరిగిచ్చేశారు.

మరి ఎవరు చేశారు? ఇదే ఈ బండిలో నాకు దొరికిన గొప్ప లాభం. 1978లో కంపెనీ చేతులెత్తేసిందా, ఓనర్లు జట్టు కట్టారు. జీఎంసీ మోటర్‌హోమ్స్ ఇంటర్నేషనల్ అని సంఘమే ఉంది, ఒకచోట చేరి క్యాంపులు పెడతారు. అరిగిపోయిన భాగాల్ని కొత్తగా తయారుచేసి అమ్మే చిన్న చిన్న షాపులు ఉన్నాయి. నాకు సాయం చేసింది డెబ్బై దాటిన ఒక పెద్దాయన. రెండు శనివారాలు తన షెడ్డులో నాతోనే విప్పించి, నాతోనే బిగింపించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మా ఆవిడ పులిహోర చేసి పంపితే గిన్నె ఖాళీ చేసి ఇచ్చాడు. పక్కింటాయన పేరు తెలుసుకోవడానికి నాకు అమెరికాలో రెండేళ్ళు పట్టింది. ఈ బండితో పెట్రోల్ బంకులో ఆగితే చాలు, ఎవరో ఒకరు వచ్చి చిన్నప్పుడు తాతయ్యకి ఇలాంటిది ఉండేదని మొదలుపెడతారు. 1981లో వచ్చిన 'స్ట్రైప్స్' సినిమాలో ఆయుధాలు బిగించిన ఆర్మీ బండి ఇదేనని చెప్పేవాళ్ళూ ఉన్నారు, నిజమే.

అయినా ఒకసారి అమ్మబోయాను. 2023లో నా ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు మా ఆవిడ జీతం మీదే ఇల్లు నడిచింది. అమ్మకానికి పెడితే ఒకతను 15,000 ఇస్తానన్నాడు. బేరం కుదిరాక మాటల్లో అడిగా, ఎక్కడికి వెళ్తారు దీంతో అని. ఎక్కడికీ లేదు, విప్పి పార్టులుగా అమ్ముతా అన్నాడు. అతని తప్పేం లేదు. నా బండిలో ఉన్న రేడియేటర్ కూడా అలా విప్పేసిన ఇంకో బండిదే. తయారీ ఆగిపోయిన వస్తువులు ఒకదాన్నొకటి తినే బతుకుతాయి. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మా ఆవిడే అంది, "ఇంకో నెల చూద్దామండీ." బుద్ధిగా ఆలోచిస్తే అప్పుడు అమ్మేయడమే కరెక్టు, ఇప్పటికీ అదే అంటాను. అమ్మలేదు, అంతే.

లెక్క చెప్పమన్నారు కదా, చెప్తున్నా. కొన్నది 14,500, రిపేర్లు 17,000, పార్కింగ్ నాలుగేళ్ళకి 4,320. మొత్తం 35,820 డాలర్లు. ఈ నాలుగేళ్ళలో ఇందులో పడుకున్న రాత్రులు 36. అంటే రాత్రికి దాదాపు వెయ్యి డాలర్లు. పెట్రోల్, ఇన్సూరెన్స్ కలపలేదు, కలిపితే మా ఆవిడ ఈ వీడియో అప్‌లోడ్ చేయనివ్వదు. ట్రిప్పులే కావాలంటే అద్దెకి తీసుకోండి, ఏ రకంగా చూసినా అదే చవక. మిషిగన్ సరస్సు ఒడ్డున తెల్లారగట్ల ఈ పెద్ద అద్దంలోంచి నీళ్ళు చూస్తూ, పక్కన పాప దుప్పట్లో ముడుచుకుని ఉంటే, ఆ వెయ్యి డాలర్లు గుర్తు రాలేదు. ఇంటికొచ్చాక వచ్చాయి.

సరే, రేపు పొద్దున ఎనిమిదింటికి దీన్ని పార్కింగ్‌కి తోలాలి. కుడి పక్క ఎయిర్ బ్యాగు రాత్రికి రాత్రి కాస్త దిగుతోంది. నాన్న రోజూ వాట్సాప్‌లో అడుగుతున్నారు, "పట్టు నిలిచిందా లేదా, సబ్బు నీళ్ళు పోసి చూశావా?" అని. ఇంకా చూడలేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఆయన్ని లైన్లోకి తీసుకుని, కింద పడుకునే షూట్ చేద్దాం. ఉంటాను మరి.