అన్నిటికీ ఒకే కటకం: ఒక కోరిక చరిత్ర



డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా చేతికి వచ్చిన ప్రతివారూ నాలుగు రోజులు తిరగకముందే ఒక ప్రశ్న వేస్తారు: "తక్కువ ధరలో అన్నిటికీ పనికివచ్చే లెన్సు ఏది?" ఇంట్లో పసిపాప నవ్వు, ఊరి గుడి గోపురం, చెరువు గట్టున కొంగ, పెళ్లిపందిట్లో తలంబ్రాలు ఒకే కటకంలో పట్టుబడాలి. ఖర్చు మాత్రం కెమెరా వెలను మించరాదు. అడిగేవారు కొత్తవారే గాని ఆ కోరిక చాలా పాతది. దాని చరిత్ర కొంత తెలిసి ఉంటే అంగడిలో నిలబడినప్పుడు మనసు తడబడదు.

ముందుగా రెండు మాటలు. బడిలో భౌతికశాస్త్రం చదివినవారికి పరిచితమైన నాభ్యంతరం మొదటిది. దానిని మిల్లీమీటర్లలో చెబుతారు. అది తగ్గితే దృశ్యం విశాలమవుతుంది. పెరిగితే దూరపు వస్తువు దగ్గరవుతుంది. రెండవది కాంతి ప్రవేశించే ద్వారం, అనగా ఎపర్చర్. నాభ్యంతరాన్ని ఆ ద్వారపు వ్యాసంతో భాగించగా వచ్చిన సంఖ్యకు ముందు 'ఎఫ్' చేర్చి రాస్తారు. సంఖ్య చిన్నదైనకొద్దీ ద్వారం పెద్దది. ఎఫ్/5.6 కంటే ఎఫ్/2.8 నాలుగు రెట్ల కాంతిని లోనికి రానిస్తుంది. ఇక చెప్పబోయే కథంతా ఈ రెంటి నడుమ జరిగిన బేరమే.

1839లో డాగేర్ పద్ధతి పారిస్‌లో లోకానికి వెల్లడైనప్పుడు ఆ కెమెరాకు అమర్చిన కటకం కదలని దృశ్యాలకు మాత్రమే సరిపోయేది. ముఖచిత్రం కావాలంటే మనిషి ఎండలో నిమిషాల తరబడి కదలక కూర్చోవాలి. 1840లో వియన్నా నగరంలోని గణితాచార్యుడు జోసెఫ్ పెట్స్‌వాల్ లెక్కలు కట్టి, సుమారు ఎఫ్/3.6 ద్వారం గల కటకాన్ని రూపొందించాడు. ఫోక్ట్‌లెండర్ సంస్థ దానిని తయారుచేసింది. నిమిషాల నిరీక్షణ సెకన్లలోకి దిగింది. అయితే చిత్రం నడుమ ఉన్న స్ఫుటత అంచులలో లేదు. ముఖచిత్రానికి అంచులతో అంత పనిలేదు గనుక అది పెద్ద లోపంగా తోచలేదు. దేనిని వదులుకోవాలో ఎరిగి వదులుకున్న కటకం అది.

1925లో జర్మనీలో లైకా అనే చిన్న కెమెరా అమ్మకానికి వచ్చింది. దానికి ఉన్నది 50 మి.మీ. కటకం ఒక్కటే. దగ్గర కావాలన్నా దూరం కావాలన్నా మనిషే నడవాలి. 1930లో కటకాలు మార్చుకునే వీలు కలిగింది. వీలుతోపాటు భుజానికి బరువైన సంచీ తగులుకుంది. ఆ సంచీని దించాలన్న ఆలోచనే జూమ్ కటకానికి మూలం.

ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫ్రాంక్ బాక్ 1940లలోనే సినిమా, టెలివిజన్ కెమెరాలకు జూమ్ కటకాలు చేశాడు. 35 మి.మీ. నిశ్చలచిత్రాల కెమెరాకు తొలి జూమ్‌గా పేరొందిన 'జూమార్' 1959లో వచ్చింది. రూపకల్పన ఆయనదే, దానినీ ఫోక్ట్‌లెండర్ పేరుతోనే అమ్మారు. 36 నుండి 82 మి.మీ. వరకు నాభ్యంతరం మారుతున్నా ద్వారం ఎఫ్/2.8 వద్ద స్థిరంగా ఉండేది. అందుకు బరువు రూపంలో మూల్యం చెల్లించవలసి వచ్చింది.

సామాన్యునికి అందిన జూమ్ 1963లో జపానులో నికాన్ విడుదల చేసిన 43-86 మి.మీ. ఎఫ్/3.5. ఫిల్ము చట్రం 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు; దాని కర్ణం సుమారు 43 మి.మీ. అక్కడ మొదలై సరిగ్గా రెట్టింపు వద్ద ఆగుతుంది ఈ కటకం. చిన్నది, తేలికైనది, బాగా అమ్ముడుపోయింది. కాని ఒక చివర సరళరేఖలు వెలుపలికి ఉబ్బేవి, మరొక చివర లోనికి వంగేవి. భవనాల చిత్రాలలో ఈ దోషం కొట్టొచ్చినట్టు కనిపించేది. 1970లలో సంస్థ ఆ కటకపు అమరికను మార్చి మెరుగుపరిచింది.

ఇక్కడ మన సాహిత్యం నుండి ఒక పోలిక చెప్పాలనిపిస్తున్నది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథనూ చెబుతుంది, భారతకథనూ చెబుతుంది. అది అసాధారణ ప్రజ్ఞ. అయినా రెండర్థాలు మోసే పద్యం చదవగానే మనసుకెక్కదు. అన్వయం కోసం ఆగాలి, వ్యాఖ్యానం పక్కన ఉండాలి. రెండు పనులు చేసే మాట ఎక్కడో ఒకచోట ప్రసాదగుణాన్ని వదులుకుంటుంది. జూమ్ కటకం గాజుతో రాసిన ద్వ్యర్థికావ్యం. దానిని నిందించడం నా ఉద్దేశం కాదు. వెల ఎక్కడ చెల్లిస్తున్నామో చూడమంటున్నాను.

1992లో టామ్రాన్ సంస్థ 28-200 మి.మీ. కటకాన్ని తెచ్చింది. రెట్టింపు దగ్గర మొదలైన కథ ఏడు రెట్లకు చేరింది. ఈసారి వెల రెండు చోట్ల పడింది. కటకాన్ని పొడిగించినకొద్దీ ద్వారం ఎఫ్/3.8 నుండి ఎఫ్/5.6కు కుంచించుకుపోతుంది. పైగా ఆ తొలి నమూనాతో సుమారు రెండు మీటర్ల కంటే దగ్గరి వస్తువుపై ఫోకస్ కుదరదు. ప్రయాణాలలో, పట్టపగలు, పోస్టుకార్డంత ముద్రణలలో ఈ లోటు అంతగా తెలియలేదు.

2003లో కెనన్ ఇ.ఓ.ఎస్. 300డి కెమెరాతో వెయ్యి డాలర్ల లోపు డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. వచ్చింది. దాని సెన్సార్ ఫిల్ము చట్రం కంటే చిన్నది; దృశ్యం 1.6 రెట్లు ఇరుకవుతుంది. పాత 28 మి.మీ. కటకం దానిపై సుమారు 45 మి.మీ. వలె ప్రవర్తిస్తుంది. గదిలో కుటుంబమంతా చిత్రంలో పట్టదు. అందుకే ఆ కెమెరాకు జతగా 18-55 మి.మీ. కటకాన్ని కొత్తగా చేశారు. మనం కిట్ లెన్సు అని చిన్నచూపు చూసేది దీనినే. 2005లో నికాన్ 18-200 మి.మీ. కటకాన్ని కంపన నివారణతో విడుదల చేసింది. పదకొండు రెట్ల జూమ్! 2007 నాటికి కెనన్, నికాన్ రెండూ 18-55లోనూ కంపన నివారణను చేర్చాయి.

ఈ కంపన నివారణ విషయంలోనే కొత్తవారు పొరబడతారు. అది పట్టుకున్న చేతి వణుకును ఆపుతుంది. ఎదుటి పాప కదలికను ఆపలేదు. దీపపు వెలుగులో అన్నప్రాశన తీస్తున్నాం అనుకోండి. కిట్ లెన్సు పొడవైన చివర ఎఫ్/5.6 వద్ద ఉంటుంది. చవకగా దొరికే 50 మి.మీ. ఎఫ్/1.8 కటకం దానికి దాదాపు పది రెట్ల కాంతిని ఇస్తుంది. సెకనులో పదిహేనవ వంతు తీసుకునే చిత్రం నూట యాభయ్యవ వంతులో ముగుస్తుంది. మొదటిదానిలో చేయి అలుక్కుపోతుంది. రెండవదానిలో పెదవికి అంటిన మెతుకు సైతం కనిపిస్తుంది. అన్నప్రాశన మరొకసారి జరగదు గదా!

కనుక నా సలహా ఇది. పరిమితంగా డబ్బు ఉన్నవారు కంపన నివారణ గల 18-55ను ఉంచుకొని, పక్కన 35 గాని 50 గాని మి.మీ. ఎఫ్/1.8 కటకం ఒకటి కొనుక్కోవడం మేలు. యాత్రలలో, ఎండలో, కటకం మార్చే ఓపిక లేనివారికి 18-200 తగినది. శుభకార్యాలే ప్రధానమైతే 2006లో టామ్రాన్ తెచ్చిన 17-50 మి.మీ. ఎఫ్/2.8 వంటిది చూడండి. దాని జూమ్ మూడు రెట్లే, కాని ద్వారం కుంచించుకుపోదు. నికాన్ డి40, డి3000, డి5000 శ్రేణుల వారు ఒక జాగ్రత్త పాటించాలి. ఆ కెమెరాలలో ఫోకస్ మోటారు లేదు. కటకంలోనే మోటారు ఉండాలి; లేకపోతే చేతితో తిప్పుకోవలసిందే. 2009 నాటి 35 మి.మీ. ఎఫ్/1.8 డి.ఎక్స్. కటకంలో మోటారు ఉంది.

కెనన్, నికాన్ సంస్థలు 2020 తరువాత కొత్త ఎస్.ఎల్.ఆర్. నమూనాలు తీసుకురాలేదు, అద్దం లేని కెమెరాల వైపు మళ్లాయి. అందువల్ల ఈ కటకాలు పాతసరుకుగా విరివిగా దొరుకుతున్నాయి. కొనేముందు టార్చి వేసి కటకం లోపలికి చూడండి. సాలెగూటి పోగుల వంటివి కనిపిస్తే అది బూజు. మారు మాట్లాడక తిరిగి ఇచ్చేయండి. కాకినాడ, విశాఖ వంటి తీరపు ఊళ్లలో గాలి తేమకు ఇది త్వరగా పడుతుంది. ఇంటికి తెచ్చుకున్నాక గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచుకోవాలి.

పెట్స్‌వాల్ నుండి నేటిదాకా వెల చెల్లించని కటకం ఒక్కటీ రాలేదు. ఒకటి అంచులను వదులుకుంది, ఒకటి తేలికదనాన్ని, మరొకటి కాంతిని. అన్నిటికీ పనికివచ్చేది ఏదని అంగడివానిని అడిగేముందు, మీరు తీయబోయే చిత్రాలలో దేనిని వదులుకోలేరో మీరే తేల్చుకోండి. ఆ జవాబు దొరికితే కటకం ఎంపిక సగం పూర్తయినట్లే.