ఇంజను నాడి చెప్పెడి ముల్లు

1643వ సంవత్సరమున ఇటలీలో టారిచెల్లీ పాదరసము నింపిన గాజుగొట్టమును తలక్రిందులు చేయగా, పాదరసము సుమారు 30 అంగుళముల ఎత్తున నిలిచెను. వాతావరణ పీడనమును కొలుచుట కది నాంది. ఆ పాదరసపు అంగుళములే తరువాత రైలుబండితో మన ఊళ్లదాక వచ్చినవి.

బీబీపేటకు దగ్గరి పట్టణమైన కామారెడ్డి సికిందరాబాదు–మన్మాడు మార్గముపై నున్నది. నాటి మీటరు గేజి బండ్లకు వాక్యూం బ్రేకులుండెడివి. పెట్టెల క్రింది గొట్టములోని గాలిని ఇంజను పీల్చివేసినంతసేపు బ్రేకులు వదలియుండును. గొట్టమున కెక్కడ చిల్లిపడినను గాలి చొరబడి బ్రేకులు వాటంతట అవే పట్టుకొనును. గార్డు పెట్టెలోని కొలతముల్లు పడిపోవుటచే లోపము తెలియును.

1932 జూనులో నిజాము ప్రభుత్వ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ఆరంభించెను. రైలు చేరని ఊళ్లకు మోటారు చేరసాగినది. పెట్రోలు ఇంజనులో కూడ శూన్యమే ముఖ్యము. 1893లో మైబాక్ రూపొందించిన కార్బ్యురేటరులో, లోనికి పోవు గాలి పీడనము తగ్గుటచేతనే పెట్రోలు తుంపరలుగా పైకి వచ్చును. బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగునపుడు (దీనినే ఐడ్లింగు అందురు) గాలి తలుపు దాదాపు మూసియుండును. పిస్టన్ల పీల్పుచే లోపలి శూన్యము 17 మొదలు 21 అంగుళముల వరకుండును.

ఇచట చిల్లిపడినచో రైలువలె ఇంజను తనంతట ఆగదు. గాస్కెట్టు చీలినను, రబ్బరు గొట్టము పగిలినను దొంగగాలి చేరును. పెట్రోలుకు సుమారు 15 రెట్ల బరువు గాలి చాలును. అది మించినచో ఇంజను వణకును, ఆగిపోవును. వేగముగా పోవునపుడు మాత్రము గాలి తలుపు తెరచుకొని అసలు గాలి ఎంతో ఎక్కువగును గనుక దొంగగాలి లెక్కకురాదు. ఈ మాయచేతనే పనివారు పలువురు ఐడ్లింగు మర బిగించి, వేగము పెంచి, రోగము కుదిరినదనుకొనెడివారు. కాని 1927లో దెవాండ్ర్ కనుగొన్న బ్రేకు సర్వోకు కూడ ఈ శూన్యమే బలము. దాని గొట్టమే చీలినచో వణకు మరుగుపడినను బ్రేకు పెడలు రాయివలె గట్టిపడును.

కొలతముల్లు కదలక తక్కువ చూపినచో చిల్లియో, స్పార్కు ఆలస్యమో కారణము. ఒకే లయలో మాటిమాటికి పడుచున్నచో వాల్వును అనుమానింపవలెను. ఇంకొక చిక్కున్నది. ఎత్తు వేయి అడుగులు పెరిగిన ముల్లు ఒక అంగుళము తగ్గును. హైదరాబాదు 1,750 అడుగుల ఎత్తున నున్నది. పుస్తకములోని అంకెనే నమ్మినవాడు దక్కనులో ఆరోగ్యముగ నున్న ఇంజనును కూడ విప్పదీయును!

చిల్లి స్థానము తెలియుటకు అతుకులపై నూనెచుక్కలు వేసెడివారు; నూనె చిల్లిని మూయగనే ఇంజను ధ్వని మారును. కొందరు పెట్రోలే చల్లెడివారు. అది నిప్పుతో చెలగాటము. డీజిలు ఇంజనులకు సాధారణముగా గాలి తలుపుండదు గనుక ఈ బాధ లేదు.

1976లో వోల్వో కార్లలో, పొగలోని ఆమ్లజనిని పసిగట్టు సాధనము వచ్చినది. అట్టి సాధనముగల నేటి కార్లలో, దొంగగాలి చేరగనే కంప్యూటరు పెట్రోలు పెంచి వణకును కొంతవరకు కప్పిపుచ్చును; ఎంత పెంచినదో అంకెలలో వ్రాసి ఉంచును. పనివాడు మొదట ఆ అంకెలు చూచి, పిదప గొట్టములలోనికి పొగ నూది, అది ఎచటినుండి వెలువడునో చూచును.